నేను చూడని సరస్సుకు దారి

ఆ దారి నాకు కంఠతా వచ్చు. కొబ్బరితోట చివర సిమెంటు రోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి చెట్ల నీడలో మట్టిబాట. కుడివైపు లోయ, ఎడమవైపు మనిషిని మించి పెరిగిన ఫెర్న్ చెట్లు. వానాకాలంలో చెట్ల వేళ్ళ మీద కాలు పెట్టకూడదు, జారిపోతుంది. వేళ్ళ మధ్యనున్న మట్టిలో పెట్టాలి. కాసేపు ఎక్కాక గాలి చల్లబడుతుంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది కాని నీళ్ళు కనిపించవు. గట్టు మీదికి వచ్చి నిలబడితే అప్పుడు కింద సరస్సు. ఎప్పుడో నిప్పులు కక్కి చల్లారిన కొండ నోట్లో నిండిన వాననీరు. ఆ గట్టు ఒకచోట తెగింది. అక్కడి నుంచి నీళ్ళు అవతలి లోయలోకి జలపాతమై పడతాయి. అంతా కలిపి గంట నడక కూడా లేదు.

ఇంత తెలిసిన నేను ఆ దారిలో ఒక్క అడుగు వేయలేదు. వేసినావిడ కువైట్‌లో మా కింది అంతస్తులో ఉండేది. ఆవిడకి ఆ దారిలో గుర్తున్నవి జలగలు.

మేము అబూ హలీఫాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉండేవాళ్ళం. మా ఆయన అహ్మదిలో నూనె కంపెనీ ఇంజనీరు. నేను అక్కడి ఇండియన్ స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. కింది అంతస్తు ఆవిడ భర్త కూడా అహ్మదిలోనే, అదే కంపెనీ బస్సు. ఆవిడది విజయవాడ, నాదీ ఆ పక్కే. ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం. మా ఎదురు ఫ్లాట్‌లో ఫిలిప్పీన్స్ నర్సు ఒకామె ఉండేది. ఆ సరస్సు ఆమె ఊరిది. వాళ్ళ నాన్న ఇల్లు ఆ కొబ్బరితోట పక్కనే. ఆ ఏడాది ఆమెకి సెలవు దొరకలేదు. "నేను లేకపోతేనేం, మీ రెండు కుటుంబాలూ వెళ్ళండి, నాన్న దగ్గరుండి చూపిస్తాడు" అంది. మండే ఎండలో, ఇసుకగాలికి కిటికీలు మూసుకుని బతికే మాకు, నడిచి వెళ్ళి చూసే నీళ్ళంటే ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఫహాహీల్ మార్కెట్‌లో జారని అడుగున్న కాన్వాసు బూట్లు కొన్నాను. ఇంట్లో వేసుకుని తిరిగాను కూడా.

గురువారం సాయంత్రం విమానానికి నాలుగు టికెట్లు తీశాం. పిల్లలు లేని మేమిద్దరం, పిల్లల్ని ఇండియాలో హాస్టల్లో పెట్టిన వాళ్ళిద్దరూ. వారం ముందు ఆవిడ పైకి వచ్చింది.

"వదినా, మనం గురువారం వద్దు, సోమవారమే వెళ్ళిపోదాం. మా అత్తగారు ఫోన్ చేశారు. గురువారం మావారి నక్షత్రానికి నైధన తారట."

నైధన తార అంటే ఆ నక్షత్రంలో పుట్టినవాడు ఆ రోజు బయలుదేరితే ప్రాణానికి ముప్పని పంచాంగం బెదిరించే రోజు. తొమ్మిది రోజులకోసారి ప్రతి మనిషికీ వస్తుంది. అంటే భూమ్మీద ప్రతివాడూ నెలకు మూడుసార్లు చావు తప్పించుకుంటున్నాడన్నమాట.

"మీవారు రోజూ అహ్మదికి బస్సులో వెళ్తారుగా. నైధన తార నాడు ఎక్కరా?" అన్నాను.

"అది ఉద్యోగం వదినా. ఇది ప్రయాణం."

"ఆ తేడా బస్సుకి తెలుసా?"

"బస్సుకి తెలియకపోయినా మా అత్తగారికి తెలుసు" అని ఆవిడ నవ్వింది. ఆవిడ ఎప్పుడూ నాతో వాదించదు. అదే నాకు కోపం.

మా ఆయన పేపర్లోంచి తలెత్తి అన్నాడు. "సోమవారానికి సీట్లు ఉన్నాయట. మార్చేద్దాం. మనకి ఏ రోజైతేనేం?"

"ఏ రోజైతేనేం అయినప్పుడు గురువారం ఎందుకు కాకూడదు?"

ఇది మొండితనమని చాలామంది అంటారు. నేను అనను. మా నాన్న నడిపిన హేతువాద సభల్లో పెరిగినదాన్ని నేను. పదేళ్ళ వయసులో బెంచీ ఎక్కించి ప్రశ్న అడగమనేవాడు. జవాబు రాకుండా దిగితే ఒప్పుకునేవాడు కాదు. మా పెళ్ళి అమావాస్య నాడు, రాహుకాలం చూసి మరీ, రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. ఆ రిజిస్ట్రారే ఇంకో రోజు పెట్టుకోండమ్మా అని బతిమాలాడు. ఆ రోజునుంచి మేమిద్దరం ఒకరినొకరం నువ్వు అనే పిలుచుకున్నాం. అలాంటి మనుషులం ఒక అత్తగారి ఫోనుకి టికెట్టు మార్చుకుంటే, మార్చుకున్నది టికెట్టు కాదు. ఒకసారి వంగినవాణ్ణి రెండోసారి వంచడానికి ఫోను కూడా అక్కర్లేదు.

వాళ్ళు సోమవారం వెళ్ళిపోయారు. వెళ్తూ ఇంటి తాళాలు నాకిచ్చారు. "గట్టు మీద కూర్చుని మీకోసం ఎదురుచూస్తాం వదినా" అంది ఆవిడ.

గురువారం తెల్లవారుతుండగా ఎక్కడో ఉరుములాంటి చప్పుడు. ఆగస్టులో కువైట్‌లో ఉరుమేమిటని లేచాం. సర్దిన సూట్‌కేసులు తలుపు పక్కన నిలబడి ఉన్నాయి. మా ఆయన కిందికి వెళ్ళి, బిల్డింగ్ కాపలా చూసే ఈజిప్టు హారిస్‌ని వెంటబెట్టుకొచ్చాడు. "మతార్ ఖలాస్, మేడమ్" అన్నాడతను. విమానాశ్రయం పని అయిపోయింది. ఇరాకీ సైన్యం సరిహద్దు దాటి నగరంలోకి వచ్చేసిందని, మాకు ఆ రెండు మాటల తరువాత ఒక్కొక్కటిగా తెలిసింది.

నాకు మొదట వచ్చింది భయం కాదు. వాళ్ళు వెళ్ళిపోయారు, అన్న ఆలోచన. భయం ఆ వెనక వచ్చింది.

మర్నాడు బిల్డింగ్‌లో అందరం మెట్ల మీద కూర్చున్నాం. అద్దాలు పగిలినా మీద పడని చోటు అదొక్కటే. నర్సు ఆస్పత్రి నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా నా పక్కన కూలబడింది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. ఆస్పత్రి సంగతి అడిగితే చెప్పలేదు.

"మా నాన్న మీవాళ్ళని ఇవాళే సరస్సుకు తీసుకెళ్తానన్నాడు" అంది.

"ఇప్పుడు ఎక్కడ ఉండి ఉంటారు?" అన్నాను.

ఆమె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. "అక్కడ మనకంటే పొద్దు ముందు. భోజనం చేసి బయలుదేరి ఉంటారు. కొబ్బరితోట దాటి ఉంటారు. మీ స్నేహితురాలు లావుగా ఉంటుంది కదా, మొదటి ఎక్కుడు దగ్గర ఆగుతుంది. నాన్న ఆకు కోసి విసనకర్ర చేసిస్తాడు. అందరికీ చేస్తాడు."

"తరువాత?"

"తరువాత వేళ్ళు. వేళ్ళ మీద తొక్కకండని నాన్న చెప్తాడు. తొక్కుతారు. అందరూ తొక్కుతారు. తరువాత గాలి మారుతుంది. పైనుంచి చల్లగా వస్తుంది, తడి ఆకుల వాసనతో. అప్పుడు చప్పుడు."

"జలపాతం చప్పుడా?"

"అవును. సరస్సు కంటే ముందు అదే. చిన్నప్పుడు నేను వెనక ఉన్నవాళ్ళందర్నీ వదిలేసి పరిగెత్తేదాన్ని."

కింద వీధిలో ట్యాంకో, లారీయో, బరువైనదేదో వెళ్ళింది. మెట్లు అదిరాయి. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ధైర్యం చెప్పడానికి కాదు. ఆపొద్దని.

"గట్టు ఎక్కేశారా?" అన్నాను.

"ఎక్కి ఉంటారు" అంది.

ఆ క్షణంలో నా లోపల లేచినదానికి అసూయ అన్న మాట మరీ మర్యాదగా ఉంటుంది. కుళ్ళు అనాలి. ఆవిడ అక్కడ నిలబడి ఉంది. నక్షత్రాలు లెక్కపెట్టుకుని, అత్తగారి మాట విని, ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషి, చల్లటి గాలిలో నీళ్ళు చూస్తూ నిలబడి ఉంది. జీవితమంతా ప్రశ్నలే అడిగిన నేను మెట్ల మీద కూర్చున్నాను. ప్రాణం దక్కించుకున్నందుకు ఆవిడ మీద నాకు ఏడుపు లేదు. దక్కాలనే కోరుకున్నాను. సరస్సు దక్కించుకున్నందుకే నా ఏడుపు.

ఆ తరువాత వీలు దొరికినప్పుడల్లా నర్సు చేత ఆ దారి చెప్పించుకునేదాన్ని. జమ్మియాలో, అంటే మా పేట సహకార దుకాణంలో, రొట్టె కోసం వరసలో ఆ కాన్వాసు బూట్లతోనే నిలబడేదాన్ని. వరస ఒక అడుగు కదిలితే, వేళ్ళ మధ్య మట్టిలో కాలు పెట్టాను అనుకునేదాన్ని. ఒకసారి నర్సు, ఆ నీళ్ళ అడుగున ఒక తల్లి ఉంటుందని, ఊరివాళ్ళు గట్టు మీద అడుగుపెట్టేముందు ఆమె అనుమతి అడుగుతారని చెప్పింది.

"అడగకపోతే ఏమవుతుంది?"

"ఏమో మేడమ్. అడగనివాళ్ళు ఎవరూ లేరు."

"అయితే ఆ తల్లి ఉందని ఎలా తెలిసింది? అడగకుండా వెళ్ళినవాడికి ఏదైనా అయితేనే కదా తెలిసేది."

ఆమె అలసిపోయి ఉంది, అయినా నవ్వింది. "సరస్సును చూడకముందే దాంతో తగువు పెట్టుకుంటున్నారు మీరు."

తగువు పెట్టుకోకుండా దేన్ని ప్రేమించాను కనక.

కింది ఫ్లాట్ తాళాలు నా దగ్గరున్నాయి. మా బియ్యం అయిపోయాక వాళ్ళ బియ్యం తెచ్చుకున్నాం. వాళ్ళ ఆవకాయ తెచ్చుకున్నాం. ఆవిడ ఆవకాయ నాకంటే బాగా పెడుతుంది. కలుపుకుని తింటూ ఆవిడ మీద మండిపోయేదాన్ని. ఒకరోజు బియ్యానికి వెళ్ళిన మా ఆయన చాలాసేపటికి పైకి వచ్చాడు.

"మనవాళ్ళని జోర్డాన్ చేర్చే అమ్మాన్ బస్సులు వచ్చే వారం రెండుసార్లు ఉన్నాయట. మంగళవారం ఒకటి, గురువారం ఒకటి" అన్నాడు.

"మంగళవారమే వెళ్దాం. ముందు వచ్చింది ఎక్కాలి."

అతను బియ్యం సంచి కింద పెట్టాడు. "కింద వాళ్ళ గోడమీద క్యాలెండరు చూశాను. మంగళవారం నీకు బాగాలేదు. గురువారం ఇద్దరికీ బాగుంది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా నక్షత్రం ఏమిటో అతనికి తెలుసని నాకు తెలియదు.

"నీకెలా తెలుసు నా నక్షత్రం?"

"మీ అమ్మ చెప్పింది. ఎప్పుడో."

"నువ్వు గుర్తుపెట్టుకున్నావు."

"రెండు రోజులు ఆగితే ఏం పోతుంది, ఎందుకు నీకింత పట్టుదల? ఒకసారి చూశాం కదా ఏమైందో."

"ఏం చూశాం? చెప్పు. సోమవారం విమానాలెక్కిన వాళ్ళు ఎంతమంది? ఈజిప్టువాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, సెలవులకి పోయిన కువైటీలు. వాళ్ళకి అత్తగార్లు ఫోన్లు చేశారా? నక్షత్రాలు ఇరవయ్యేడే. ఈ ఊళ్ళో చిక్కుకున్న లక్షలమందిలో కింది ఆయన నక్షత్రం వాళ్ళు ఎంతమంది ఉంటారో లెక్క వెయ్యి. వాళ్ళకీ సోమవారం మంచిదే. వాళ్ళని ఎందుకు కాపాడలేదు నీ క్యాలెండరు?"

"వాదనలో నువ్వే గెలుస్తావు" అన్నాడు మా ఆయన. "అయినా మనం ఇక్కడున్నాం. వాళ్ళు అక్కడున్నారు."

మంగళవారం బస్సే ఎక్కాం. అతను దారంతా మాట్లాడలేదు. బస్రా దగ్గర ఇంజను వేడెక్కి ఎండలో ఆగినప్పుడు నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. అనకపోవడం నాకు చెంపదెబ్బలా తగిలింది. ఎడారిలో గుడారాలు, నీళ్ళ ట్యాంకర్ చుట్టూ తోపులాట, చివరికి అమ్మాన్ నుంచి విమానం. బతికి బొంబాయిలో దిగాం. గురువారం బస్సువాళ్ళు మా తరువాత దిగారు. వాళ్ళూ బతికే దిగారు. ఇందులో పంచాంగం గెలవలేదు, ఓడలేదు. నా దృష్టిలో అదే పంచాంగం ఓటమి. మా ఆయన దృష్టిలో ఏమిటో అప్పుడు నేను అడగలేదు.

యుద్ధం ముగిసి, నూనెబావుల మంటలు ఆరాక కంపెనీ మళ్ళీ పిలిచింది. అదే బిల్డింగ్‌కి తిరిగొచ్చాం. గోడలు పొగచూరి ఉన్నాయి. కింది అంతస్తువాళ్ళు మాకంటే ముందే వచ్చేశారు. ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకూ కన్నీళ్ళొచ్చాయి. కాఫీ తాగాం. ఆ తరువాత నేను ఆగలేకపోయాను.

"సరస్సు చూశారా?"

"ఏ సరస్సు? ఆ, అదా. చూశాం వదినా. వెళ్ళకపోతే ఆ నర్సు వాళ్ళ నాన్న బాధపడతాడని వెళ్ళాం. ఇక్కడి సంగతి మాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. అబ్బ, జలగలు వదినా. మావారి పాదానికి రెండు పట్టాయి. నేను కేకలు పెడుతూనే ఉన్నాను."

"గట్టు ఎక్కాక?"

"ఎక్కాక ఏముంది. నీళ్ళు."

"ఏ రంగు?"

"నీళ్ళ రంగే."

"చప్పుడు ముందు వినిపించిందా, సరస్సు ముందు కనిపించిందా?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. ఎడారిలో ఎండదెబ్బ తగిలి ఇలా అయ్యానేమో అనుకుని ఉంటుంది. "నేను చెప్పులు చేత్తో పట్టుకుని కాళ్ళే చూసుకుంటున్నాను వదినా, జలగలున్నాయని. అవన్నీ ఎవరు చూశారు? అసలు ఆ దేవుడి దయ. ఆ నైధన తారే లేకపోతే మా గతి ఏమయ్యేది? మిమ్మల్ని తలుచుకోని రోజు లేదు."

నేను ఇరవయ్యేడు నక్షత్రాల లెక్క మొదలుపెట్టాను. ఆవిడ సగంలో లేచి, "నిజమే వదినా" అంటూ నాకు ఇంకో కప్పు కాఫీ తెచ్చింది.

అన్యాయం ఎక్కడుందో ఆ రోజు తెలిసింది నాకు. ఆ సరస్సు ఆవిడ కళ్ళకి దొరికింది, నా కళ్ళకి దొరకలేదు.

మరుసటి వేసవిలో నర్సుకి సెలవు దొరికింది. ఆక్రమణ సాగిన అన్ని నెలలూ ఆస్పత్రి వదలని మనిషి ఆమె. మా తలుపు కొట్టి, "ఈసారి నేనే తీసుకెళ్తాను. ఆదివారం నుంచి నా సెలవు. అందరం కలిసి వెళ్దాం" అంది. నేను సరేనన్నాను. అలమరలోంచి సూట్‌కేసు దించాను కూడా. సాయంత్రం కింది ఆవిడ పైకి వచ్చింది, ముఖం వెలిగిపోతోంది.

"అత్తగారిని అడిగాను వదినా. ఆదివారం దివ్యంగా ఉందట. ఈసారి మీరు కూడా మంచిరోజు చూసే బయలుదేరుతున్నారు. నాకెంత సంతోషంగా ఉందో."

నేను సూట్‌కేసు మూసేశాను. "మనం వెళ్తున్నది నర్సు సెలవు ఆదివారం మొదలవుతుంది కాబట్టి. మంచిరోజు కాబట్టి కాదు. ఈ మాట మీరొకసారి మీ నోటితో అనండి వదినా, నేను వస్తాను."

"దానికేం వదినా, అంటాను. నర్సు సెలవు కూడా మంచిరోజునే పడింది."

"అలా కాదు. మంచిరోజు అన్న మాట లేకుండా అనండి."

"ఉన్నదాన్ని లేకుండా ఎలా అంటాను?" అంది ఆవిడ, నిజంగానే అర్థం కాక.

నాకు ఆ సరస్సు కావాలి. ఎంత కావాలో ఆ మెట్లకు తెలుసు. కాని ఆవిడ వెనకాల నడుస్తూ, నా ప్రతి అడుగూ ఆవిడ అత్తగారి ఖాతాలో పడుతూ ఉంటే, గట్టు ఎక్కి నేను చూసేది ఏం నీళ్ళు? వచ్చే ఏడాది మనమే విడిగా, మన రోజున వెళ్దామని మా ఆయనతో అన్నాను.

"వచ్చే ఏడాది ఇక్కడ ఏముంటుందో ఎవరికి తెలుసు?" అన్నాడతను. "ఇద్దరం ఆగిపోతే ఎవరికి లాభం?"

"అయితే నువ్వు వెళ్ళు."

ఆ మాట ఎలా అన్నానో పెళ్ళయిన ఏ మగాడికైనా అర్థమవుతుంది. మా ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. అర్థమైంది అతనికి. అయినా వెళ్ళాడు.

తిరిగొచ్చిన రోజు నేనేమీ అడగలేదు. అతనూ చెప్పలేదు. నల్లబడి, నాలుగేళ్ళు చిన్నవాడై వచ్చాడు. అన్నం వడ్డిస్తే తిన్నాడు, కూర బాగుందన్నాడు. బట్టలు ఉతకడానికి తీస్తే ప్యాంటు అంచులకి ఎర్రమట్టి. అడిగితే ఓడినట్టు, అడగకపోతే ఏమీ మిగలనట్టు. రెండు రోజులు అలాగే గడిచాయి. ఆక్రమణలో కూడా మేము ఇంత తక్కువ మాట్లాడుకోలేదు.

మూడో రోజు శుక్రవారం. అతని ఆఫీసు స్నేహితుడొకడు వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను.

"ఏముంది గురూ అక్కడ, ఒట్టి గుంట అన్నాడు కింది ఆయన" అన్నాడు స్నేహితుడు.

"అలా కాదు" అన్నాడు మా ఆయన. "మొదట కొబ్బరితోట. తరువాత రోడ్డు అయిపోతుంది. వేళ్ళ మీద కాలు పెట్టకుండా చూసుకోవాలి. ఆగు, మొదట్నుంచి చెప్తాను."

గొంతు పెద్దది చేసి చెప్తున్నాడు. ఆ స్నేహితుడు పక్కనే కూర్చున్నాడు, అతనికి అంత గొంతు అవసరం లేదు. గాలి ఎక్కడ మారిందో చెప్పాడు. చప్పుడు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. నా చేతుల కింద పంపు నీళ్ళు గిన్నె మీద పడి మోగుతున్నాయి.

నేను పంపు కట్టేశాను.

"ముందు చప్పుడే" అన్నాడు అవతలి గదిలోంచి.